ఫోటో వద్దన్నవాళ్ళు

మా అమ్మమ్మకు ఫోటో లేదు. ఇంట్లో ఏ పెళ్ళో జరిగి, ఫోటోగ్రాఫరు మూడుకాళ్ళ పెట్టె తెచ్చి నల్లగుడ్డ కప్పుకునేసరికి ఆవిడ పెరట్లోకి మాయమయ్యేది. "నా నీడ పట్టుకుపోయి పెట్టెలో పెట్టుకుంటాడుట, ఆయుష్షు తరిగిపోదుటర్రా?" అనేది. ఆవిడ ఎనభై దాటి బతికింది గనక, ఆ మాట తప్పని రుజువు చేసే అవకాశం మాకెవరికీ దక్కలేదు. ఆవిడ పోయాక పీటమీద పెట్టడానికి బొమ్మ లేకపోతే, మా మామయ్య ఆవిడ రోజూ మంచినీళ్ళు తాగే రాగిచెంబు తోమి పెట్టి, దానికే దండ వేశాడు.

ఆ రోజుల్లో అది చెల్లింది. ఫోటో లేదని ఆవిడకు కిరసనాయిలు పొయ్యనన్నవాడు లేడు, రైలెక్కనివ్వనన్నవాడూ లేడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, కెనడాలో కాల్గరీ నగరంలో ఉంటున్న మా చెల్లెలి కూతురు ఈమధ్య ఒక సంగతి చెప్పింది. శనివారంనాడు సంతకి వెళ్ళిందట. ఒక బల్ల దగ్గర నేలకు జీరాడే కుచ్చుల పావడాలు, తలకు చుక్కల రుమాళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళు కోళ్ళు, కారెట్లు అమ్ముతున్నారు. చూడ ముచ్చటేసి ఇది ఫోను పైకెత్తింది. అందులో ఒకమ్మాయి చప్పున మొహం తిప్పుకుని చెయ్యి అడ్డం పెట్టింది. కోపం లేదు, కసురుకోలేదు, అంతే. పక్క బల్లమీది ముసలాయన, "వాళ్ళు హట్టరైట్లమ్మా, వాళ్ళలో కొందరు ఫోటో దిగరు" అన్నాడట.

"అదంతా సరే పెద్దమ్మా, కోళ్ళన్నీ వ్యానులో వేసుకుని వచ్చారు. మరి లైసెన్సు మీద ఫోటో ఎట్లా?" అని దాని ప్రశ్న.

ఈ ప్రశ్న మీద అక్కడ పెద్ద వ్యాజ్యమే నడిచింది. అది చెప్పేముందు వీళ్ళెవరో చెప్పాలి. క్రైస్తవులలోనే ఒక చిన్న శాఖ. జేకబ్ హట్టర్ అనే ఆయన వీరికి తొలి నాయకుడు. ఆయనను 1536లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో సజీవంగా దహనం చేశారు. పసిపిల్లలకు జ్ఞానస్నానం చేయించరాదు, కత్తి పట్టరాదు, సొంత ఆస్తి ఉండరాదు అన్నవి వీరి నియమాలు. అందుకని ఏ ప్రభువుకూ వీరు గిట్టలేదు. దేశం తరవాత దేశం తిరిగి, రష్యాలో కొంతకాలం ఉండి, 1870 ప్రాంతాల అమెరికా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరమన్నందుకు ఇద్దరు అన్నదమ్ములు సైనిక ఖైదులో 1918లో మరణించారు. దానితో చాలామంది సరిహద్దు దాటి కెనడాకు వెళ్ళిపోయారు. ఇప్పటికీ అందరూ ఒకచోట కాలనీగా ఉంటారు. పొలం అందరిదీ, డబ్బుసంచి అందరిదీ, వంటిల్లు ఒకటే. (నూరుమందికి ఒకటే వంటిల్లంటే ఆడవాళ్ళు ఏమనుకుంటారో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం. పుస్తకాలు వ్రాసిన పెద్దలెవరూ ఆ మాట ఎత్తలేదు.)

మోషేకు దేవుడిచ్చిన పది ఆజ్ఞలలో రెండవది, ఏ రూపానికీ ప్రతిరూపం చేసుకోవద్దంటుంది. చాలామంది క్రైస్తవులు దీనిని విగ్రహాలకు మాత్రమే వర్తింపజేస్తారు. హట్టరైట్లలో కూడా అందరికీ పట్టింపు లేదు. కొన్ని కాలనీలవారు మాత్రం ఫోటో కూడా ప్రతిరూపమేనంటారు.

కాల్గరీ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలో లైసెన్సు మీద ఫోటో 1974లో వచ్చింది. మతం ఒప్పుకోదన్నవారికి ఫోటో లేకుండానే లైసెన్సు ఇచ్చి, దానిమీద ఒక గుర్తు వేసేవారు. ఇరవైతొమ్మిదేళ్ళు అట్లాగే గడిచింది. రాష్ట్రం మొత్తానికి అలాంటి లైసెన్సులు సుమారు 450; అందులో సగానికి పైగా హట్టరైట్లవి. 2003లో ప్రభుత్వం నిబంధన మార్చి, ఇకమీదట అందరికీ ఫోటో తప్పదంది. కారణమేమంటే, ఒకరి పేరుతో మరొకరు లైసెన్సు సంపాదించి అప్పులు చెయ్యడం, బ్యాంకులను మోసగించడం ఎక్కువయింది. కొత్తగా యంత్రం వచ్చింది. ఎవరు లైసెన్సుకు వచ్చినా ఆ యంత్రం వారి మొహాన్ని, తన దగ్గరున్న మొహాలన్నిటితో పోల్చి చూస్తుంది. ఒకే మొహం రెండు పేర్లతో కనిపిస్తే పట్టేస్తుంది.

లెత్‌బ్రిడ్జ్ సమీపాన ఉన్న విల్సన్ కాలనీవారు కోర్టుకెక్కారు. ప్రభుత్వం మరీ మొండిగా ఏం లేదు. ఫోటోను కవరులో పెట్టి సీలు వేసిస్తాం, మీ కంట పడదు అంది. పోనీ, కార్డు మీద వెయ్యకుండా మా యంత్రంలోనే ఉంచుకుంటామంది. కాలనీవారు ఒప్పుకోలేదు. చూడడం కాదు, తియ్యడమే తప్పు అన్నారు. వాళ్ళూ ఒక దారి చెప్పారు: మా లైసెన్సుమీద 'గుర్తింపుకు చెల్లదు' అని అచ్చు వెయ్యండి, ఇక దానితో ఎవడు ఏ బ్యాంకును మోసం చెయ్యగలడు? అన్నారు. నాకు ఈ మాట చాలా సబబుగా తోచింది. కింది కోర్టుకూ అప్పీలు కోర్టుకూ కూడా వారి పక్షమే న్యాయమనిపించింది.

కాని కెనడా సుప్రీంకోర్టు 2009 జులై 24న, నలుగురు ఒకవైపు ముగ్గురొకవైపుగా, ప్రభుత్వాన్నే గెలిపించింది. తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్. బండి నడపడం హక్కు కాదు, అంతగా కావాలంటే జీతమిచ్చి బయటి డ్రైవర్లను పెట్టుకోవచ్చునన్నారు. విభేదించినవారిలో రోజలీ అబెల్లా అనే న్యాయమూర్తి ఒక లెక్క చెప్పారు. ఆల్బర్టాలో అసలు లైసెన్సే లేనివారు ఏడు లక్షలకు పైగా ఉన్నారు. వారి మొహాలు ఆ యంత్రంలో లేవు. అంత పెద్ద కన్నం ఉండగా, ఇంకొక రెండువందల యాభై మొహాలు లేకపోతే ఎంత నష్టం? ఇటు చూస్తే, బయటివాళ్ళమీద ఆధారపడకుండా బతకడమే మతంగా పెట్టుకున్నవాళ్ళను, ఆస్పత్రికి వెళ్ళాలన్నా బయటివాణ్ణి కూలికి పిలుచుకోమంటున్నాం.

ఇదే చిక్కు అంతకు పాతికేళ్ళ ముందు అమెరికాలో వచ్చింది. నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక పల్లెటూరి గృహిణి. పాడిపశువులు చూసుకోవాలి, పది మైళ్ళ అవతల లెక్కలు వ్రాసే ఉద్యోగం. కారు లేకపోతే జరగదు. ఆవిడ దగ్గర తన పెళ్ళి ఫోటో కూడా లేదు. ఇంట్లో టెలివిజను లేదు. పూవు బొమ్మగాని, పిట్ట బొమ్మగాని గోడమీద ఉండడానికి వీల్లేదు. బజారులో కొన్న ఆహారపు డబ్బామీద బొమ్మ ఉంటే ఆ కాగితం చించేసేది, లేదా నల్లసిరాతో కొట్టేసేది! ఇంత నిష్ఠ ఉన్న మనిషిని 'నీ నమ్మకం నిజమేనా' అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. కోర్టువారు అడిగింది ప్రభుత్వాన్ని: కొత్తగా నేర్చుకునేవారికీ మరి కొందరికీ ఫోటో లేకుండానే అనుమతి పత్రాలిస్తున్నారే, ఈవిడ దగ్గరికి వచ్చేసరికి ఏం ముంచుకొచ్చింది? అని. 1984లో ఆవిడ గెలిచింది. అమెరికా సుప్రీంకోర్టులో 1985లో ఒక న్యాయమూర్తి పాల్గొనకపోవడంతో మిగిలిన ఎనిమిదిమంది నలుగురూ నలుగురుగా చీలిపోయారు. సరిసమానమైతే కింది తీర్పే నిలుస్తుంది. ఆవిడ కారూ నిలిచింది.

ఆ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. నెబ్రాస్కాలో ఫోటో ఎవరికోసం? రోడ్డుమీద బండి ఆపిన పోలీసు కోసం. ఎత్తు, బరువు, కళ్ళ రంగు వ్రాసి ఉంటే ఆయన ఎలాగో సర్దుకుంటాడు. ఆల్బర్టాలో ఫోటో పోలీసు కోసం కాదు, యంత్రం కోసం. మనిషి సర్దుకున్నట్టు యంత్రం సర్దుకోదు. దానికి అందరి మొహాలూ కావాలి. "నీడ పట్టుకుపోయి పెట్టెలో పెట్టుకుంటాడు" అన్న మా అమ్మమ్మ మాటకు అప్పుడు నవ్వాం గాని, ఇంతకంటె సరిగ్గా ఆ యంత్రాన్ని వర్ణించినవాళ్ళు నాకు కనబడలేదు.

మతం పేరు చెబితే వదిలేస్తారంటే ప్రతివాడూ అదే చెబుతాడు కదా, అంటారు. నిజమే. 2011లో ఆస్ట్రియాలో ఒకాయన, నా మతంలో నెత్తిన ఇదే పెట్టుకోవాలంటూ సేమ్యాలు వడగట్టే చిల్లులగిన్నె బోర్లించుకుని లైసెన్సు ఫోటో దిగాడు. బండి నడిపే మతి స్థిమితం ఉందని డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు, తెచ్చాడు, లైసెన్సిచ్చారు. మతాలకిచ్చే మినహాయింపులను వెక్కిరించడానికే ఆయన ఆ పని చేసింది. కాని ఆల్బర్టా లెక్క చూడండి. ఇరవైతొమ్మిదేళ్ళు తలుపు తెరిచి ఉంచితే వచ్చినవాళ్ళు 450 మందేగదా!

ముసుగు సంగతి దీనితో కలపకూడదు. ఫ్లోరిడాలో కళ్ళు మాత్రం కనబడే ముసుగుతో లైసెన్సు పొందిన ఒకావిడకు 2002లో దాన్ని రద్దు చేశారు; 2003లో కోర్టు కూడా రద్దునే సమర్థించింది. మనదేశంలో, ఓటర్ల జాబితాలో ఘోషా స్త్రీల ఫోటోలు వెయ్యరాదన్న వాదాన్ని 2006లో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. అక్కడి పట్టింపు ఎవరు చూస్తారన్నది. ఫోటో తీసేవరకైతే విడిగా ఒక గది, ఒక ఆడమనిషి ఉంటే సగం చిక్కు తీరుతుంది. హట్టరైట్లకు ఏ గదీ పనికిరాదు.

మన చట్టాలకు ఇలాంటి మన్నింపు కొత్తదేం కాదు. బయటికి రాని ఆచారమున్న స్త్రీలను కోర్టుకు స్వయంగా రమ్మని బలవంతం చెయ్యరాదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. తలపాగా కట్టిన సిక్కుకు హెల్మెట్టు అక్కరలేదని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది. లైసెన్సు ఫోటోకు మాత్రం మన దగ్గరా మినహాయింపు లేదు. మా అమ్మమ్మ ఈనాడు ఉండి, పింఛనుకో రేషనుకో వెళ్తే ఏమయ్యేదో అనుకుంటూ ఉంటాను. ఆవిడది మతం కాదు, వట్టి భయం. ఏ కోర్టూ ఆవిడ పక్షాన నిలవదు. బహుశా మామయ్య నాలుగు కేకలేసి కూర్చోబెట్టేవాడు, ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చునేది.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆ 2009 తీర్పుతో అక్కడ ఫోటో లేని లైసెన్సు పోయింది గనక, ఆ వ్యాను నడిపి వచ్చినవాడు ఏనాడో ఒకనాడు కెమెరా ముందు నిలబడే ఉండాలి, లేదా బయటివాడెవడో నడిపి ఉండాలి అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టేలోపలే నాది నొక్కడం అయిపోయింది పెద్దమ్మా. మొహం సగం పడింది. పంపించనా, చూస్తావా?" అంది.

వద్దన్నాను.