కథ పొడుగు ఎవరు నిర్ణయించాలి?

మన కథానికకి క్లుప్తతే అందం. చెప్పాల్సింది పది పేజీల్లో చెప్పి ఊరుకోవాలి. ఆ అందానికి ఇప్పుడు లెక్కల చిక్కు వచ్చి పడింది.

అమెజాన్ సంస్థ 2014 జులైలో కిండిల్ అన్‌లిమిటెడ్ మొదలుపెట్టింది. నెలనెలా చందా కడితే అందులో ఉన్న పుస్తకాలు ఎన్నైనా చదువుకోవచ్చు. మొదట్లో పాఠకుడు పుస్తకంలో పదో వంతు దాటితే చాలు, పుస్తకం చిన్నదైనా పెద్దదైనా రచయితకి ఒకే మొత్తం ముట్టేది. దాంతో చిన్న పుస్తకాలకి గిరాకీ వచ్చింది. నవలని ముక్కలు చేసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. 2015 జులై నుంచి చదివిన పేజీలకే డబ్బు అన్నారు. ఇక పుస్తకాలు లావెక్కాయి! ఒక పాఠకుడు ఒక పుస్తకంలో ఎంత చదివినా 3,000 పేజీలకి మించి లెక్క కట్టబోమని 2016లో హద్దు పెట్టాల్సి వచ్చింది. కొలబద్ద మారినప్పుడల్లా రచన దాని వెంటే నడిచింది.

మన వారపత్రికల సీరియళ్ళకి మాత్రం ఈ బాధ లేదా అంటారేమో. ఉంది. "సశేషం" ముందు ప్రతి వారం ఒక మలుపు ఉండాల్సిందే. కానీ అక్కడ సంపాదకుడనే మనిషి ఉండేవాడు. సీరియల్ పక్కనే మంచి చిన్న కథకి చోటిచ్చేవాడు. యంత్రానికి అలాంటి అభిరుచి ఎక్కడిది?

ఈ వేదికలు వద్దని నేననను. దేశం కాని దేశంలో ఉంటూ రాసుకునే మనకి అవి పెద్ద ఆసరా. అయితే మన సంఘాల సావనీర్లు, కథల పోటీలు పేజీల లెక్క చూడకుండా చిన్న కథకి మంచి పారితోషికం ఇవ్వాలని నా కోరిక. ఆ పని యంత్రం చెయ్యదు, మనమే చెయ్యాలి.