పేగు మందు, ఒంటి మచ్చ

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు జబ్బులున్నవారికి బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు క్షయ ఉందేమో చూస్తారు, హెపటైటిస్-బి పరీక్ష చేయిస్తారు. చర్మం సంగతి కూడా ఆ రోజే చెప్పి తీరాలని నా వాదన. ఈ బయోలాజిక్స్‌లో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు క్రోన్స్ చికిత్స కోసం అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. అదీ, ఆ తర్వాతి అడాలిముమాబ్ కూడా వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. సోరియాసిస్‌కూ ఇవే మందులు. అయినా వీటిని వాడే పేగు రోగుల్లో కొందరికి, చాలా అంచనాల ప్రకారం వందలో 2 నుంచి 5 మందికి, కొత్తగా సోరియాసిస్ మొదలవుతుంది. టీఎన్‌ఎఫ్ అదుపు తొలగగానే ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా పెట్రేగడమే ఇందుకు కారణమని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు.

అరచేతుల్లో, అరికాళ్లలో చీముపొక్కులు వస్తాయి, తలలో దళసరిగా పొలుసులు కడతాయి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, ముదురు గోధుమగానో ఊదాగానో కనిపిస్తుంది. అందుకే తలలోది చుండ్రు అనీ, కాలిది తామర అనీ అనుకుని మెడికల్ షాపులో ఏదో క్రీమ్ కొని రాస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే అసలు లక్షణాలు మరుగున పడతాయి. స్టెరాయిడ్ పూత ఈ సోరియాసిస్‌కు వైద్యమే, కానీ ఎంత ఘాటుది, ఎన్నాళ్లు అన్నది డాక్టరు తేల్చాలి. ఈ మందులతోనే వచ్చే రక్తనాళాల వాపు ఇంతకంటే అరుదు, ఇంతకంటే ప్రమాదం. పిక్కల మీద, చీలమండల దగ్గర ఊదా చుక్కలు లేస్తాయి. తడిమితే చేతికి ఉబ్బుగా తగులుతాయి, గాజుగ్లాసుతో అదిమినా రంగు పోదు. మూత్రంలో రక్తం, జ్వరం, పాదాల తిమ్మిరి తోడైతే మర్నాటిదాకా ఆగకూడదు.

ఇవన్నీ చెబితే రోగి బెదిరి మందు మానేస్తాడని కొందరు వైద్యుల సంకోచం. నిజానికి ముందుగా తెలియని మనిషే మచ్చ చూసి హడలి మానేస్తాడు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే, దానికి వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు పుట్టి మందు పట్టకపోవచ్చు, ఎక్కించేటప్పుడు రియాక్షనూ రావచ్చు. సోరియాసిస్ వచ్చినవారిలో చాలామంది పూతమందులతో అదే ఇంజెక్షన్ కొనసాగించగలరు. లొంగకపోతే రెండు జబ్బులకూ పనికొచ్చే ఉస్టెకినుమాబ్ ఉంది. రక్తనాళాల వాపు విషయంలో మాత్రం సాధారణంగా మందు ఆపించాల్సే వస్తుంది. పేగు జబ్బే చర్మం మీద పుండ్లు తెస్తుంది కదా అన్న అభ్యంతరమూ సబబే. అలా వచ్చే పయోడెర్మా గ్యాంగ్రెనోసమ్ అనే పుండుకు ఇవే ఇంజెక్షన్లు వైద్యం. ఒకచోట మందే కారణం, ఇంకోచోట మందే విరుగుడు. కాబట్టే ఊహతో తేల్చకుండా చర్మవైద్యుడికి చూపించాలి, అనుమానముంటే బయాప్సీ చేయించాలి. రోగికి ఇదంతా ముందే చెప్పడానికి కావలసినది తెలుగులో ఒక పేజీ కాగితం, మచ్చ ఫొటో పంపడానికి ఒక ఫోన్ నంబరు. ఇంత ఖరీదైన మందు రాసే చోట ఆ రెండూ భారం కాకూడదు.