మూడో తరగతి దాటనివ్వకండి

కర్ణాటకలోని హుల్సూర్‌లో తెలుగు మాట్లాడే ఇంటి పిల్ల బడికెళ్లి కన్నడంలోనో, మరాఠీలోనో, ఉర్దూలోనో అక్షరాలు దిద్దుతుంది. ఇంటి మాట ఒకటి, పలక మీది లిపి మరొకటి. రెండో తరగతి అయిపోవస్తున్నా పాఠం చదవలేకపోతే మన నోట సిద్ధంగా ఉండే జవాబు ఒక్కటే: "భాష కొత్త కదా, మెల్లగా వస్తుందిలే." చాలామందికి నిజంగానే వస్తుంది. రానివాళ్లు మాత్రం ఈ మాట చాటున ఏళ్లకేళ్లు కనబడకుండా పోతారు. ఈ హెచ్చరిక వాళ్ల కోసం.

అలాంటి పిల్లల్లో కొందరి ఇబ్బంది పేరు డిస్లెక్సియా. దానికీ తెలివికీ సంబంధం లేదు. చెవిన పడే ధ్వనికీ, కంటికి కనిపించే అక్షరానికీ ముడి వేయడం మెదడుకు కష్టమవుతుంది, అంతే. ఇది వంశంలోనూ వస్తుంది. చదువు అబ్బలేదని చిన్నప్పుడే బడి మానిపించిన తండ్రిదీ ఇదే ఇబ్బంది అయి ఉండొచ్చు. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు 1896లోనే ఇలాంటి పద్నాలుగేళ్ల కుర్రవాడి గురించి రాశాడు. చురుకైనవాడు, లెక్కలు బాగా చేసేవాడు, చదవడం మాత్రం పట్టుబడనివాడు. ఇన్నేళ్ల తరువాత కూడా అలాంటి పిల్లల్ని మనం మొద్దులంటున్నాం. ఆ మాట ఇవాళే మానాలి.

మరి భాష కొత్తదవడం వల్ల వెనకబడ్డారో, లోపల ఇబ్బంది ఉందో ఎలా తెలుస్తుంది? మొదటి ఆనవాలు ఇంట్లోనే దొరుకుతుంది. దానికి తల్లికి చదువు రానక్కర్లేదు. "'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుంది?" అని తెలుగులోనే అడగండి. "'గోడ'లాగా వినబడే మాట ఇంకొకటి చెప్పు" అనండి. కథలు చక్కగా చెప్పే, కొట్టుకెళ్లి చిల్లర సరిగ్గా తెచ్చే ఏడేళ్ల పిల్ల ఇంటి భాషలోనే ఇక్కడ పదేపదే తడబడితే, తప్పు కన్నడానిది కాదు. పుస్తకంలో మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేయడం, ఒత్తులు వదిలేయడం, విన్న పాఠాన్ని అప్పజెబుతూ చదువుతున్నట్టు కనిపించడం కూడా గమనించండి. ఈ చివరిది టీచర్లను కూడా మోసం చేస్తుంది. ఇవి ఆనవాళ్లే, నిర్ధారణ కాదు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. నెమ్మదిగా చదివే ప్రతి పిల్లకూ డిస్లెక్సియా ముద్ర వేయడం కూడా ప్రమాదమే.

డిస్లెక్సియాను గుర్తించే సాధనాలు లేవనే సాకు ఈ ఊళ్లో చెల్లదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన 'డాలి' పరీక్ష మొదట నాలుగు భాషల్లో వచ్చింది. వాటిలో కన్నడం ఉంది, మరాఠీ ఉంది. హుల్సూర్ పిల్లలు బడిలో చదివే భాషలవి. తెలుగు మాత్రం ఆ తొలి నాలుగింటిలో లేదు. అందుకే ఇంటి భాషలో పిల్ల ఎలా ఉందో పరీక్ష చేసేవాళ్లకు తల్లిదండ్రులే వివరంగా చెప్పాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం గలవారి జాతీయ సంస్థ కూడా ప్రాథమిక తరగతుల కోసం 'గ్లాడ్' అనే సాధనాన్ని తయారుచేసింది. మనకు బెంగళూరు కన్నా సికింద్రాబాదే దగ్గర.

చట్టమూ మన వైపే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను జాబితాలో చేర్చింది, బళ్లు వీటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని చెప్పింది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ల వయసులో, పిల్లలను పరిశీలించమన్నాయి. ఆ గడప దాటితే పాఠాలన్నీ చదివి నేర్చుకోవలసినవే. చదవడం రాని పిల్ల సైన్సూ పోగొట్టుకుంటుంది, లెక్కలూ పోగొట్టుకుంటుంది, చివరికి బడికే దూరమవుతుంది.

బెత్తంతో అక్షరాలు రావు. పిల్లల్ని కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం కూడా. డిస్లెక్సియాను నయం చేసే మందు లేదు. టానిక్కులనీ రంగు కళ్లద్దాలనీ ఎవరైనా ఆశపెడితే డబ్బు పోగొట్టుకోకండి. ధ్వనినీ అక్షరాన్నీ కలిపి, ఒక వరుసలో, రోజూ కాసేపు, ఓపికగా నేర్పితే ఈ పిల్లలు చదువుతారు. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత సులువు.

రెండు, మూడు తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులు ఈ వారమే హెడ్మాస్టరుకు అర్జీ ఇవ్వండి. పిల్లను పరిశీలించి, అవసరమైతే జిల్లా ఆసుపత్రికి పంపమని అందులో అడగండి. తారీఖు వేసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.