నికాహ్‌కు ముందు రక్తపరీక్ష: కావలసింది రక్షణ, ముద్ర కాదు

సంబంధం కుదుర్చుకునే ముందు మనం ఎన్నో విచారిస్తాం. కుటుంబం, చదువు, సంపాదన, దీన్‌దారీ అన్నీ అడుగుతాం. రక్తం సంగతి మాత్రం అడగం. అడిగితే ఎదుటివారిని అవమానించినట్లే భావిస్తాం. ఈ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది మన పసిబిడ్డలు.

తలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డకు సాధారణంగా రెండేళ్లు నిండకముందే రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఆపైన రెండు నుంచి నాలుగు వారాలకొకసారి అదే పని. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోను, కాలేయంలోను పేరుకుపోతుంది. దానిని తొలగించడానికి మళ్లీ మందులు. ఎముక మజ్జ మార్పిడితో నయమయ్యే అవకాశం ఉన్నా, తగిన దాత, అంతటి ఖర్చు ఎందరికి అందుతాయి? ఆటో నడిపే తండ్రికి ఆసుపత్రికి వెళ్లిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే.

ఆ బిడ్డ తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటుంది, అంతే. అటువంటి వాహకులు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండో బిడ్డకు రాదనుకోవడం భ్రమ. దంపతులలో ఒక్కరే వాహకులైతే బిడ్డకు తలసీమియా మేజర్ రాదు. హీమోగ్లోబిన్ రకాలను కొలిచే రక్తపరీక్షతో ఈ సంగతి నికాహ్‌కు ముందే తెలుసుకోవచ్చు.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. ఈ వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొందరు మన సమాజాన్నే వేలెత్తి చూపుతారు. దగ్గరి బంధువుల వివాహాల్లో ఇటువంటి వ్యాధుల ముప్పు పెరుగుతుందన్నది నిజం. దానిని మనం కాదనరాదు. అయితే మేనరికాలు తెలుగునాట అనేక కులాల్లో తరతరాలుగా ఉన్నవే. తలసీమియా సింధీ, పంజాబీ, గుజరాతీ, బెంగాలీ కుటుంబాల్లోనూ కనిపిస్తుంది. జన్యువుకు మతం లేదు. మనవైపు చూస్తే, చాచా, ఖాలా, ఫూఫీ, మామూల పిల్లలను వివాహమాడడానికి ఇస్లాంలో అనుమతి ఉంది, ఆజ్ఞ లేదు. అనుమతిని ఆజ్ఞగా మార్చుకున్నది మన అలవాటే.

పరీక్ష చేయించుకోవడం విశ్వాసానికి విరుద్ధమన్న సందేహానికి ముస్లిం దేశాలే సమాధానమిచ్చాయి. ఇరాన్ 1997లో వివాహానికి ముందు తలసీమియా పరీక్షను దేశమంతటా ప్రవేశపెట్టింది. సౌదీ అరేబియా 2004 నుంచి దానిని తప్పనిసరి చేసింది. ఇద్దరూ వాహకులని తేలినా సౌదీలో వివాహాన్ని నిషేధించలేదు. వివరించి, నిర్ణయాన్ని ఆ జంటకే వదిలారు. మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి 1990లో, గర్భస్థ శిశువుకు చికిత్సలేని తీవ్ర లోపం ఉందని నమ్మకమైన వైద్యుల బృందం నిర్ధారిస్తే, తల్లిదండ్రుల కోరికపై 120 రోజులలోపు గర్భస్రావాన్ని అనుమతించింది. దీనిపై ఉలమాలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా ఒక విషయం స్పష్టం. ముందే తెలిసిన దంపతులు మూడో నెలలోనే గర్భస్థ పరీక్ష చేయించుకొని, ఆలిమ్‌ను సంప్రదించి, ఆలోచించి నిర్ణయించుకోగలరు. ఆలస్యంగా తెలిసిన తల్లికి ఆ వ్యవధి మిగలదు.

మా భయం మరొకటి ఉంది. పరీక్ష ఫలితం బయటపడితే తిరిగిపోయే సంబంధం ఎక్కువగా ఆడపిల్లదే. వాహకురాలన్న మాట ఆమెకే కాదు, ఆమె చెల్లెళ్లకూ కళంకంగా అంటుకుంటుంది. అందుకే మా సూచన ఇది: పరీక్ష ముందుగా అబ్బాయికి చేయించండి. అతడిలో హీమోగ్లోబిన్ లోపమేదీ లేదని తేలితే అమ్మాయి నివేదికను అడగవలసిన అవసరమే ఉండదు. అసలు సంబంధాల మాట రాకముందే, చదువుకునే వయసులోనే పిల్లలందరికీ చేయిస్తే ఇంకా మేలు.

ప్రభుత్వ బాధ్యత కూడా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను వైకల్యంగా గుర్తించింది; ఆ ధ్రువపత్రం ప్రతి బిడ్డకూ అందాలి. బస్తీ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితంగా జరగాలి; తెలుగులోనూ ఉర్దూలోనూ వివరించేవారు ఉండాలి. జన్యు వివరాల ఆధారంగా చూపే వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు, అది రావాలి. ఒక సమాజంపై ముద్ర వేయడానికి ఈ వివరాలు ఆయుధం కారాదు.

ఇప్పటికే ఈ వ్యాధితో మన మధ్య పెరుగుతున్న పిల్లలు ఎవరి పొరపాటూ కారు, ఎవరి పాపానికి శిక్షా కారు. వారు అల్లాహ్ మనకప్పగించిన అమానత్. మస్జిద్ కమిటీలు వారి కోసం రక్తదానానికి పిలుపునివ్వాలి. ఇమాములు జుమా ఖుత్బాలో ఈ పరీక్ష గురించి చెప్పాలి. ఖాజీలు నికాహ్‌నామా రాసే రోజున కాదు, నిశ్చితార్థానికి ముందే దీనిని గుర్తుచేయాలి. పిల్లల కట్నకానుకల గురించి గంటల తరబడి మాట్లాడుకునే పెద్దలు, పుట్టబోయే బిడ్డ కోసం ఒక్క మాట అడగలేరా?