సుత్తి చప్పుడు లేని చోట

సొలొమోను మందిరం మనం ఊహించుకున్నంత పెద్దదేమీ కాదు. పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. ఇప్పుడు మన పట్నాల్లో లేస్తున్న కొన్ని ప్రార్థనా మందిరాలు అంతకంటే విశాలంగా ఉంటున్నాయి. రాజుల మొదటి గ్రంథం ఆరో అధ్యాయం చదివేటప్పుడు నేను కొలతలన్నీ దాటేసి ఒక చిన్న సంగతి దగ్గర ఆగిపోతాను. రాళ్ళను ముందే చెక్కి సిద్ధం చేసి తెచ్చారట. మందిరం లేచే చోట సుత్తి, గొడ్డలి చప్పుడే వినపడలేదట.

విశ్వాసులను సజీవమైన రాళ్ళన్నాడు పేతురు. ఆ మాట వింటే నాకు రాళ్ళగని గుర్తొస్తుంది. దెబ్బలు తినడం, దుమ్ము రేగడం, మూలలు అరగడం అంతా అక్కడే, ఎవరూ చూడని చోట. మన సంఘాల్లో మాత్రం సుత్తి మోత గుడిలోనే (కమిటీ ఎన్నికల వేళ మరీను!).

సొలొమోను మందిరం లోపల అతిపరిశుద్ధ స్థలం, 20 మూరల చదరం, ఎత్తూ అంతే. అలాంటి చోటికి ఏడాదికి ఒక్క రోజు, ఒక్క ప్రధాన యాజకుడికే ప్రవేశం. యేసు ప్రాణం విడిచిన వేళ యెరూషలేము దేవాలయంలో చినిగింది అలాంటి చోటిని వేరుచేసే అడ్డతెరే. పైనుంచి కిందికి.

ఎవరూ చూడని చోట జరిగిన పని మన దగ్గరి మందిరాల వెనకా ఉంది. మెదక్ చర్చి గురించి రాసేవాళ్ళు సాధారణంగా 175 అడుగుల గోపురంతో మొదలుపెడతారు. ఈ సంచికలో మేం పునాది నుంచి మొదలుపెట్టాం. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కట్టించింది కరువు పనిగా. 1924 క్రిస్మస్ నాటి ప్రతిష్ఠకు చాలా ముందే ఆ రాళ్ళు మోసినవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగింది.