మనవడిది అమెరికా పాస్‌పోర్టు.. అవ్వాతాతలకు కాగితాల చిక్కుముడి

కడప, కర్నూలు: క్రిస్మస్ సెలవులకో, జూన్ సెలవులకో అమెరికా నుంచి మనవలు వస్తున్నారంటే ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని పట్టణాల్లో అవ్వాతాతలు గదికి ఏసీ పెట్టించడంలో, పిండివంటలకు సరుకులు తెప్పించడంలో మునిగిపోతారు. పిల్లల కాగితాల సంగతి చివరికి గుర్తొస్తుంది. తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులే అయినా, అమెరికాలో పుట్టి ఆ దేశ పాస్‌పోర్టు పొందిన శిశువు మన చట్టం దృష్టిలో విదేశీయుడే. ఆరు నెలల పసికందైనా సరే, వీసా గానీ ఓసీఐ కార్డు గానీ లేనిదే విమానం ఎక్కనివ్వరు.

రెండు పౌరసత్వాలు ఉండవు

మన బిడ్డకు రెండు దేశాల పౌరసత్వం ఉందని గొప్పగా చెప్పుకునే కుటుంబాలు రెండు జిల్లాల్లోనూ కనిపిస్తాయి. వాస్తవానికి భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారని రాజ్యాంగంలోని 9వ అధికరణం స్పష్టం చేస్తోంది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ వేదికపై ఆరంభమైన ఓసీఐ పథకం పేరులో 'సిటిజన్' అన్న మాట ఉండటమే ఈ అపోహకు మూలం. అది జీవితకాల వీసా మాత్రమే. ఓటు హక్కు ఉండదు. వ్యవసాయ భూమి కొనరాదు. తాత పేరిట ఉన్న కేసీ కాలువ కింది మాగాణి వారసత్వంగా మనవడికి దక్కవచ్చు గానీ, పక్కనున్న అరెకరం కొనే వీలు అతనికి లేదు.

చదువుల విషయంలోనూ ఇదే తీరు. పిల్లలను ఇక్కడే అవ్వాతాతల వద్ద ఉంచి ఇంటర్మీడియట్ చదివించి, కర్నూలు మెడికల్ కళాశాలలోనో, కడప రిమ్స్‌లోనో సాధారణ సీటు సంపాదించాలని ఆశించే తల్లిదండ్రులు 2021 మార్చి 4 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌ను గమనించాలి. దాని ప్రకారం ఓసీఐ విద్యార్థులు ఎన్నారై సీట్లకే పోటీ పడాలి. అయితే ఆ తేదీకి ముందే ఓసీఐ పొందినవారికి పాత హక్కు కొనసాగుతుందని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఒకే ఇంట్లో 2020లో కార్డు తీసుకున్న అక్కకు ఒక న్యాయం, 2022లో తీసుకున్న తమ్ముడికి మరో న్యాయం వర్తిస్తుందన్నమాట.

ఏడాది గడువే కీలకం

పౌరసత్వ చట్టం ప్రకారం 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో పుట్టిన శిశువుకు తల్లిదండ్రుల ద్వారా భారత పౌరసత్వం రావాలంటే, పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత దౌత్య కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటన ఇవ్వాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అమెరికాలోని మనవాళ్లలో ఎక్కువ మంది ఈ నిబంధన జోలికే పోలేదు. పుట్టుకతోనే ఆ దేశ పౌరసత్వం వస్తున్నప్పుడు ఆ అవసరమే కలగలేదు.

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు ఈ ధీమాను కదిలించింది. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి పుట్టే బిడ్డలకు జన్మతః పౌరసత్వం ఇవ్వరాదన్నది దాని సారాంశం. న్యాయస్థానాలు అమలును నిలిపివేశాయి. 2025 డిసెంబరులో ఈ వివాదాన్ని విచారించేందుకు అక్కడి సుప్రీంకోర్టు అంగీకరించింది. అటువంటి ఉత్తర్వు అమలైతే బిడ్డకు అమెరికా పౌరసత్వం రాదు, ఏడాదిలోగా నమోదు చేయించకపోతే భారత పౌరసత్వమూ దక్కదు. ఊళ్లో జరిగే చర్చలన్నీ మొదటి ముప్పు చుట్టూనే తిరుగుతున్నాయి. రెండోది తల్లిదండ్రుల చేతిలోనే ఉన్నా దాన్ని ప్రస్తావించేవారు అరుదు.

బిడ్డ వెళ్లవచ్చు.. అమ్మానాన్న వెళ్లలేరు

2025 డిసెంబరులో మరో విచిత్ర పరిస్థితి తలెత్తింది. హెచ్1బీ దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాల పరిశీలన పేరిట మన దేశంలోని అమెరికా కాన్సులేట్లు వీసా ఇంటర్వ్యూలను నెలల తరబడి వాయిదా వేశాయి. స్టాంపింగ్ కోసం, పనిలో పనిగా పెద్దలను చూడటం కోసం వచ్చిన ఉద్యోగులు ఇక్కడే చిక్కుబడ్డారు. ఇటువంటి కుటుంబంలో ఎప్పుడైనా తిరిగి వెళ్లగలిగేది అమెరికా పాస్‌పోర్టు ఉన్న చంటిబిడ్డ ఒక్కడే. తల్లిదండ్రులు లేకుండా ఆ హక్కు బిడ్డకు కొరగాదు.

అటువంటి వేళ బిడ్డ ఏ పత్రంపై వచ్చాడన్నది ముఖ్యమవుతుంది. ఓసీఐ ఉంటే ఎన్నాళ్లు ఉన్నా అడిగేవారు లేరు. ఈ-టూరిస్టు వీసాపై వస్తే గరిష్ఠంగా 180 రోజులే గడువు. అది మించితే హైదరాబాద్‌లోని విదేశీయుల నమోదు కార్యాలయం ద్వారా జరిమానా కట్టి, నిష్క్రమణ అనుమతి తీసుకోవలసి వస్తుంది. ముందు వీసాపై వచ్చి ఓసీఐ ఇక్కడే చేయించుకుందామనుకోవడమూ పొరపాటే. టూరిస్టు వీసాపై ఉన్నవారి దరఖాస్తును ఇక్కడ స్వీకరించరు. కడప, కర్నూలులోని పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు భారత పాస్‌పోర్టులకే పరిమితం.

పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది. కొత్తది కావాలంటే నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు వెళ్లాలి. తల్లిదండ్రులిద్దరి సమ్మతీ ఉండాలి. భర్త డల్లాస్‌లో, భార్య పుట్టింట ఉన్న సందర్భాల్లో నోటరీ చేయించిన సమ్మతి పత్రం అక్కడి నుంచి రావాలి. దంపతుల మధ్య వివాదం ఉంటే ఆ ఒక్క సంతకమే ఆయుధంగా మారుతుంది.

కువైట్ బిడ్డల కథ వేరు

రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి, బద్వేలు ప్రాంతాల నుంచి ఇళ్లలో పనులకు కువైట్ వెళ్లిన మహిళల సమస్య ఇంతకన్నా తీవ్రం. ఆ దేశంలో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. అక్కడి ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం కావాలంటే తల్లిదండ్రుల వివాహ పత్రం చూపాలి. యజమాని ఇల్లు విడిచి, రెసిడెన్సీ కోల్పోయి తలదాచుకుంటున్న మహిళ ఆ పత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయానికి వెళ్లి నమోదు చేయించే ధైర్యమూ ఆమెకు ఉండదు.

2018, 2020, 2024లలో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు పాస్‌పోర్టు లేనివారు స్వదేశానికి చేరేందుకు రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్లే ఆధారమయ్యాయి. అది ఒక్కసారి, ఒకవైపు ప్రయాణానికే చెల్లుతుంది. అటువంటి పత్రంపై తల్లి ఒడిలో ఊరికి చేరిన బిడ్డను బడిలో చేర్చాలన్నా, ఆధార్ తీయించాలన్నా తొలి ప్రశ్న పుట్టిన తేదీకి రుజువేదని.