వెండి రేకు వెనకవైపు

ప్రతి జులైలోనూ వింబుల్డన్ ఆడవాళ్ల ఫైనల్ ముగిశాక గెలిచిన అమ్మాయి ఓ వెండి పళ్లేన్ని తలపైకెత్తి పట్టుకుంటుంది. కెమెరాలన్నీ ఆమె ముఖం మీదే ఉంటాయి. అది న్యాయమే. పళ్లెం నిండా ఉన్న బొమ్మల్ని చూపించే తీరిక టీవీకి ఉండదు. పాతకాలపు తగరపు పళ్లెం ఒకదాన్ని అనుసరించి 1864లో బర్మింగ్‌హామ్‌ ఎల్కింగ్టన్ కంపెనీ చేయించింది దాన్ని. గెలిచినవాళ్ల పేర్లు దానిమీద చెక్కి ఉంటాయి. దానికి నగిషీ దిద్దిన పనివాళ్ల పేర్లు మనలో చాలామందికి తెలియవు.

అదే కంపెనీకి ఆ రోజుల్లోనే ఇంకో వెండి పని మొదలుపెట్టిన ఒకాయన పేరు మాత్రం మిగిలింది. లెయొనార్ మొరెల్ లదోయ్. ఫ్రెంచివాడు. 1820లో క్లెర్మోన్ ఫెరాన్‌లో పుట్టాడు. పారిస్‌లో ఆంత్వాన్ వెష్ట్ దగ్గర పని నేర్చుకున్నాడు. వెండి రేకులో బొమ్మలు లేపడంలో వెష్ట్‌ది అందె వేసిన చేయి. ఆయనా ఫ్రాన్స్ వదిలి లండన్‌లో కొన్నేళ్లు పనిచేసినవాడే.

గురువు దాటిన సముద్రాన్నే శిష్యుడూ దాటాడు. 1859లో ఎల్కింగ్టన్ వాళ్లు పిలిస్తే మూడేళ్ల ఒప్పందం మీద ఇంగ్లండ్ వెళ్లాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండబోతున్నాయి. మూడేళ్లనుకున్నది ఇరవై ఏళ్లు దాటింది. ‘ఒక్క రెండేళ్లు చేసి వచ్చేస్తాం’ అని విమానమెక్కిన పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆయన చేసిన పని మన కంసాలులకు కొత్తది కాదు. గుడి తలుపులకూ ఉత్సవ వాహనాలకూ తొడిగే వెండి రేకు మీద దేవతామూర్తులు లేచి వచ్చేది ఇలాంటి పనితోనే. మెత్తబడిన లక్కలాంటి దాని మీద రేకును బోర్లా పరుస్తారు. మొన గుండ్రంగా ఉన్న పనిముట్టు ఆనించి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తారు. దెబ్బ పడిన చోట రేకు అవతలికి ఉబ్బుతుంది. కాసేపటికి వెండి బిరుసెక్కుతుంది. అప్పుడు దాన్ని ఊడదీసి, నిప్పు మీద ఎర్రబారేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ పరచాలి. కాల్చకుండా తొందరపడితే బాగా ఎత్తుగా లేచిన చోటే, ఏ ముక్కు దగ్గరో మోకాలి దగ్గరో, చిట్లి ఊరుకుంటుంది. ఆ తరవాత తిరగేసి కనురెప్పలు, జుట్టు పాయలు, బట్ట మడతలు దిద్దాలి. మళ్లీ బోర్లించాలి. మళ్లీ తిరగేయాలి.

మనసుకు పట్టే సంగతి ఒకటుంది ఇందులో. వెనకనుంచి కొడుతున్నంతసేపూ బొమ్మ ముఖం పనివాడికి కనబడదు. అది అడుగున లక్కలో మునిగి ఉంటుంది. కళ్లెదుట ఉన్నవి గుంటలు. ఇటు ఎంత గుంట పడితే అటు ఎంత బుగ్గ లేస్తుందో వేళ్లకు తెలియాలి.

1864 నుంచి 1866 దాకా ఆయన అలా మలిచింది ఒక డాలు. యుద్ధానికి పనికొచ్చేది కాదు, చూసి మురవడానికి. ఇంగ్లిష్ మహాకవి మిల్టన్ రాసిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యకథ దాని మీదికి ఎక్కింది. నడుమ గుండ్రని చట్రంలో దేవదూత రఫాయెల్ కథ చెబుతుంటే ఆదాము, అవ్వ వింటుంటారు. ఆయన చెబుతున్న కథేమో చుట్టూ నడుస్తుంటుంది. స్వర్గంలో యుద్ధం, తిరగబడ్డవాళ్ల ఓటమి, పతనం. వినేవాళ్ల నిశ్శబ్దాన్ని నడిమధ్యలో పెట్టి, యుద్ధాన్ని అంచులకు నెట్టాలని తోచిన ఆ బుద్ధికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మిల్టన్ ఈ కావ్యం చెప్పేనాటికి ఆయనకు చూపు పూర్తిగా పోయింది. పంక్తులు మనసులో కట్టుకుని ఇంకొకరి చేత రాయించాడు. 1667లో అచ్చయితే ప్రచురణకర్త ముందు 5 పౌండ్లు ఇచ్చాడు. మొదటి ముద్రణ అమ్ముడుపోయాక ఇంకో 5. సరిగ్గా 200 ఏళ్లకు, 1867లో, మొరెల్ లదోయ్ డాలు పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి బంగారు పతకం తెచ్చుకుంది. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం దాన్ని 2,000 పౌండ్లకు కొనుక్కుంది.

డబ్బు సంగతి అలా ఉంచుదాం. చూపులేని కవి కళ్లముందు లేనిదాన్ని మాటల్లో కట్టాడు. ఆ మాటల్ని వెండిలోకి తెచ్చినవాడు కనబడని ముఖాన్ని వెనకనుంచి మలిచాడు. ఇద్దరి మధ్యా రెండు వందల ఏళ్ల ఎడం, రెండు భాషల ఎడం. అయినా వాళ్లిద్దరూ ఒకే పని చేశారనిపిస్తుంది. పెళ్లిపీటల మీది బిడ్డలో, పరాయి దేశంలో ఉద్యోగం చేస్తున్న కొడుకులో తమ పెంపకం ఎలా తేలిందో ఎప్పటికో గానీ చూసుకోలేని అమ్మానాన్నలకు ఈ తరహా శ్రమ బాగా తెలుసు. పాఠం చెప్పే మాస్టార్లకూ తెలుసు.

డాలు కథ మ్యూజియంతో ఆగలేదు. విద్యుత్తుతో లోహానికి వెండి పూత పూసే విద్యకు 1840లోనే పేటెంటు తీసుకున్న కంపెనీ ఎల్కింగ్టన్. అసలు వస్తువుకు అచ్చు తీసి, ఆ అచ్చును రసాయన ద్రవంలో ముంచి కరెంటు పారిస్తే లోపల రాగి పొర కడుతుంది. దానికి వెండి పూత వేస్తే చాలు. వెంట్రుక మందం గీత కూడా పొల్లుపోకుండా నకలు తయారు. అలా మిల్టన్ డాలు ఎన్నో ఇళ్ల గోడల మీదికీ, దూరదేశాల మ్యూజియాల్లోకీ చేరింది.

చేతిపనిని యంత్రం మింగేసిందని దీనికి బాధపడేవాళ్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. వాళ్ల బాధను కాదనలేం. కానీ వెండి కొనే స్తోమత లేని ఓ గుమాస్తా ఇంటి హాల్లో సాయంత్రం దీపం వెలుగు ఆ నకలు మీద పడుతున్నప్పుడు, ఓ పిల్లవాడు ‘ఈ రెక్కలాయన ఎవరు నాన్నా?’ అని అడిగి ఉంటాడని ఊహించుకుంటే మనసు కాస్త మెత్తబడుతుంది. యంత్రం నకలు తీసింది ఒక మనిషి ఓపికను. ఆ ఓపిక ముందు ఒకచోట ఉండబట్టే కదా, నకలుకు విలువ.

మొరెల్ లదోయ్‌కు ఇరవై ఏళ్లకు పైగా జీతం ఇచ్చింది పరాయి కంపెనీ. చెక్కింది పరాయి కవి చెప్పిన కథ. ఆ ఏళ్లన్నీ బతికింది పరాయి నేల మీద. మనలో చాలామంది బతుకులూ అంతే. దుకాణం ఇంకొకరిది, పుస్తకం ఇంకొకరిది, పేరుపలక మీద పేరు ఇంకొకరిది. ఆ దొరికిన రేకులోనే మనసు పెట్టి పనిచేసినవాణ్ని చూస్తే, ఇది చిన్న బతుకని ఎవరనగలరు? ఎల్కింగ్టన్ వాళ్లకూ ఆయన విలువ తెలుసు. ఆయన చేసినవాటిని ఆయన పేరుతోనే లోకానికి చూపించారు.

మిల్టన్ డాలు తరవాత, ఇంగ్లిష్ రచయిత బన్యన్ రాసిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ కథతో ఇంకో డాలు చేశాడు. అది 1878 పారిస్ ప్రదర్శనకు వెళ్లింది. ఆయన చేసిన హెలికాన్ కలశం విక్టోరియా రాణి దాకా చేరింది. చివరి రోజుల్లో ఫ్రాన్స్ తిరిగి వెళ్లి, ఇంగ్లండ్‌కు ఎదురుగా సముద్రం ఒడ్డున ఉన్న బులోన్‌లో ఉన్నాడు. 1888లో కన్నుమూశాడు.

సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియాన్నే ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నారు. మిల్టన్ డాలు ఆ మ్యూజియం సొత్తే. లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. లండన్‌లో చదువుకుంటున్న పిల్లలు, వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు ఏటేటా మన దగ్గర పెరుగుతున్నారు. వీలు కుదిరితే ఓ పూట అటు వెళ్లి, లెయొనార్ మొరెల్ లదోయ్ పేరు అడిగి చూడండి.